కలిపి చెప్పిన రెండు గంటలు

ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం తొమ్మిది వేల ఆరు వందల కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది పదకొండు గంటల నలభై నిమిషాలు. ఈ లెక్క టికెట్టు మీదే ఉంటుంది, కౌంటర్లో కూర్చున్న అమ్మాయిని అడిగినా ఠక్కున చెబుతుంది. ఒక్క మనిషిని మాత్రం అడగకూడదు. ఆమెనడిగితే పదమూడున్నర పైమాటే అంటుంది. లెక్క రాక కాదు. పంతొమ్మిదేళ్ళలో ఆ దారిన నూట పద్నాలుగుసార్లు పోయి వచ్చిన మనిషికి లెక్క ఎందుకు రాదు? కావాలనే అంటుంది.

ఆమె నర్సు. అలాగని తెల్లబట్టలేసుకుని వార్డుల వెంట తిరిగే నర్సు కాదు. పరాయి ఊళ్ళో జబ్బుపడి, ఒంటరిగా ప్రయాణం చేయలేనివాళ్ళని మామూలు విమానంలోనే పక్కన కూర్చుని ఇంటికి తెచ్చే నర్సు. ఈ పని చేయించే ఏజెన్సీ ఒకటుంది. అక్కడి మంచం మీద నుంచి లేపింది మొదలు ఇక్కడ ఇంకో మంచం మీద పడుకోబెట్టేదాకా ఆ మనిషి పూచీ ఆమెది. మధ్యలో దగ్గొచ్చినా, దాహమేసినా, మందు వేళ తప్పినా జవాబు చెప్పుకోవలసింది ఆమే. వినడానికి ఉద్యోగం గొప్పగానే ఉంటుంది. "నీకేంటమ్మా, ఎప్పుడూ విమానాల్లోనే కదా" అని చుట్టాలు మూతి తిప్పుకుంటారు. అలా అన్నవాళ్ళందరికీ నరాలు ఉబ్బకుండా తను వేసుకునే ఆ బిగుతు మేజోళ్ళు తొడిగి, పన్నెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టాలని ఆమెకు ఎప్పటినుంచో కోరిక.

నూట పద్నాలుగుసార్లు పోయినా ఆ దూరపు ఊరిని ఆమె చూసింది లేదు. విమానాశ్రయం, నలభై నిమిషాల రోడ్డు, ఆసుపత్రి, ఒక రాత్రి హోటలు గది. ఆ గది కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ, దాని మీద నీళ్ళ గొట్టాలు. ఆ ఊరి నుంచి ఇంతవరకూ ఆమె కొని తెచ్చుకున్నది ఒక దువ్వెన, ఒక గోళ్ళు తీసుకునేది. మర్నాడు పొద్దున్నే మనిషిని లేపుకుని మళ్ళీ విమానం. ఈ మధ్య ఏ గదిలో నిద్ర లేచిందో గుర్తుకు తెచ్చుకోవడానికి ఆమెకు రెండు మూడు నిమిషాలు పడుతోంది. యాభై రెండేళ్ళు వచ్చాయి. ఒళ్ళు ఒక ఊళ్ళో, నిద్ర ఇంకో ఊళ్ళో ఉండిపోతున్నాయి.

ఇక ఆ రెండు గంటల సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడి గుమాస్తాను తీసుకొచ్చింది. ఎంతసేపు పడుతుందని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పింది. పదకొండు గంటల నలభై నిమిషాలూ ఆయన పళ్ళబిగువున కూర్చున్నాడు, ఒక్కసారి మూలిగింది లేదు. తీరా ఊరి మీదికి వచ్చాక కింద మంచు. విమానం యాభై నిమిషాలు చక్కర్లు కొట్టింది. అంతసేపూ కిక్కురుమనని మనిషి ఆ యాభై నిమిషాలూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముక్కుకున్న గొట్టం పీకి పారేశాడు. "వచ్చేశామన్నావుగా, వచ్చేశామన్నావుగా" అని ఆమె చెయ్యి రక్కాడు. దిగేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ రోజు ఆమెకు ఒక సంగతి బోధపడింది. మనిషి పన్నెండు గంటలైనా ఓర్చుకుంటాడు, పద్నాలుగైనా ఓర్చుకుంటాడు. పన్నెండని చెప్పి పదమూడు చేస్తే మాత్రం ఆ పైన ఒక్క గంట ఓర్చుకోలేడు. అంతే, అప్పటినుంచి లెక్క మార్చేసింది. పది గంటలు దాటిన ప్రయాణానికి రెండు గంటలు కలిపి చెబుతుంది. మధ్యలో ఎప్పుడడిగినా రెండు కలిపే చెబుతుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలి గనక, ముందు సీటు వెనక ఉండే చిన్న తెర మీద విమానం ఎక్కడుందో చూపించే మ్యాపు కనబడకుండా, ఎక్కగానే దాన్ని ఆర్పేసి పాడైపోయిందని చెబుతుంది. ఇంకా రెండు గంటలుందనుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళు చక్రాలు నేలకు తగిలిన చప్పుడుకి ఉలిక్కిపడి "అప్పుడే వచ్చేశామా?" అంటారు. ఆ ముఖం చూడటం కోసమే తను ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు ఉందని ఆమె నమ్మకం.

ఏజెన్సీలో ఆమెను గంటలక్క అంటారు. కొత్తగా చేరిన నర్సులకు ఈ పద్ధతి ఆమే నేర్పింది. పాడలవాటు ఇంటికీ పాకింది. రాత్రి పదవుతుందని చెప్పి ఎనిమిదికే తలుపు కొడుతుంది. "నీ మాటలోంచి రెండు తీసెయ్యడం మర్చిపోయానే" అని మొగుడు నాలిక్కరుచుకుని మళ్ళీ పొయ్యి వెలిగిస్తాడు. కూతురు అయితే ఎవరైనా ఏదైనా ఎక్కువ చేసి చెబితే "అమ్మ గంటలు" అంటుంది. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. ఇందులో తప్పేముందని ఎప్పుడూ అనుకోలేదు.

ఈసారి తేవలసిన మనిషి లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ. అరవై ఒక్కేళ్ళు. ఆ దూరపు ఊళ్ళో ఒకే కంపెనీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, గాలి పీల్చినా లోపలికి పోదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితాలు ఆమె హోటలు మంచం మీద కూర్చుని చదివింది. పెద్ద డాక్టరు చివరి పేజీలో చాలా మర్యాదగా రాశాడు. ఇన్నేళ్ళుగా ఇలాంటి కాగితాలు చదివిన కళ్ళు కాబట్టి ఆ మర్యాద వెనక ఉన్నది ఆమెకు తెలిసిపోయింది. నెలలు కాదు, వారాలూ కాదు. రోజుల లెక్క.

మర్నాడు చక్రాల కుర్చీలో తోసుకెళుతుంటే ఆయనే మాట కలిపాడు. వయసుని బట్టి వరస కలపడం ఆమెకు అలవాటు. ఈయన్ని బాబాయ్ అంది.

"జీవితమంతా పైకీ కిందికీ తిరగడమేనమ్మా నా పని," అన్నాడాయన, రెండు మాటలకోసారి ఆగి గాలి తీసుకుంటూ. "ఇలా కూర్చుని ముందుకు పోవడం ఇదే మొదటిసారి."

"ఇంటి దగ్గర ఎవరున్నారు బాబాయ్?"

"మా ఆవిడ. పిల్లల్లేరు. బడిపిల్లల బట్టలు కుడుతుంది. రెండేళ్ళకోసారి నెల రోజులు సెలవిచ్చేవాళ్ళు నాకు. పోయి వచ్చేవాణ్ణి. మొన్న ఆసుపత్రిలో పడుకుని లెక్కేశాను. ఇరవై ఆరేళ్ళలో పదమూడు సెలవులు. పదమూడు నెలల కాపురం." ముక్కు గొట్టం సర్దుకున్నాడు. "మాట్లాడుకోవాల్సింది చాలా ఉండిపోయిందమ్మా. ఫోన్లో నాకు మాటలు రావు. అక్కడిదాకా చేర్చు. తర్వాత ఏమైనా పర్లేదు."

"చేరుస్తాను," అంది ఆమె. ఈ మాట అందరికీ చెప్పేదే.

విమానం ఎక్కాక ఆయన మొదట చేసిన పని ఎదురుగా ఉన్న తెర బటన్లు నొక్కడం. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "అది పాడైంది బాబాయ్, పనిచెయ్యదు," అంది.

"ఏదీ, చూస్తానుండు. నా దగ్గర పాడయ్యి ఊరుకున్నది ఇంతవరకూ ఒకటీ లేదు," అని జేబులో వెతుక్కున్నాడు, స్క్రూడ్రైవరు ఉంటుందన్నట్టు.

"మీరు మందేసుకున్నారు, చేతులు వణుకుతాయి. ఊరుకోండి," అని మందలించి దుప్పటి కప్పింది.

"ఎన్ని గంటలు? నేనెప్పుడూ చవక టికెట్టు మీద రెండు చోట్ల మారి పోయేవాణ్ణి, తిన్నగా పోయే ఈ విమానం ఎక్కలేదు."

"పదమూడున్నర, పద్నాలుగు అనుకోండి."

"సరే," అని ఆయన తల వెనక్కి వాల్చాడు. లోపల ఏదో లెక్క వేసుకుని, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుని, మొదటి ముక్క మొదలుపెట్టినట్టు కనిపించాడు.

పొద్దున్న పదింటికి బయల్దేరిన విమానం సూర్యుడి వెంటపడి పోతుంది. అందుకని ఆ దారిలో పగలు తెగదు. ఎన్ని గంటలైనా కిటికీలో అదే ఎండ, అదే మధ్యాహ్నం. ఆమెకు ఆ వెలుగంటేనే విసుగు. కళ్ళు మండుతాయి, మూసుకోవడానికి లేదు. ఆయన వేలికి పెట్టిన క్లిప్పు మీద ఆక్సిజన్ అంకె తొంభై దగ్గర ఊగుతోంది. సీటు కింద ఐదు ఆక్సిజన్ సిలిండర్లు. మొదటి ఆరు గంటల్లో రెండు అయిపోయాయి. కళ్ళలో ఒత్తులేసుకుని ఆ అంకెను చూస్తూనే కూర్చుంది. మధ్యలో ఒకసారి, పోయిన వారం కూతురు ఏదో చెప్పబోతే "తర్వాత చెప్పవే, నిద్రొస్తోంది" అన్న సంగతి గుర్తొచ్చింది. ఏం చెప్పబోయిందో అడగనే లేదు.

అప్పుడు దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు. ఆయన ముందుకు ఒంగిపోయి, రెండు చేతులతో సీటు పట్టుకుని, పెదవులు నీలంగా మారేదాకా దగ్గాడు. అంకె ఎనభై రెండుకి జారింది. ఆమె ఆయన వీపు పట్టుకుని కూర్చోబెట్టి, గ్యాస్ పెంచి, నరానికి మందెక్కించింది. పావుగంటకి దగ్గు తగ్గింది. అంకె ఎనభై ఎనిమిది దాకా పాక్కుంటూ వచ్చి అక్కడ నిలబడింది. ఆయన ఒళ్ళంతా చెమట.

"ఇంకా ఎంతమ్మా?" అన్నాడు.

ఉన్నది ఐదుంబావు గంటలు. ఆమె నోరు ఆలోచించలేదు. పంతొమ్మిదేళ్ళుగా అలవాటైన నోరు. "ఏడు గంటలు బాబాయ్," అంది.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, "ఆ సిలిండర్లు ఎన్నున్నాయి?" అని అడిగాడు.

"మూడు. భయం లేదు."

"ఇంత గ్యాస్ పెడితే ఒక్కోటి ఎంతసేపు వస్తుంది?"

"రెండు గంటలు వస్తుంది," అని చెప్పి, తడిసిపోయిన బట్ట పట్టుకుని చేతులు కడుక్కోవడానికి లేచింది. బాత్రూము అద్దంలో ముఖం చూసుకుంది. కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. కుళాయి కింద చెయ్యి పెట్టి అలాగే ఒక నిమిషం నిలబడింది, ఏమీ ఆలోచించకుండా. ఆ ఒక్క నిమిషమే ఆ రోజు మొత్తంలో ఆమెది.

తిరిగొచ్చేసరికి పెద్ద ఎయిర్‌హోస్టెస్ ఆయన సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆమెను చూసి లేచి, కర్టెన్ పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "మీ పేషెంటు తనని దగ్గర్లో ఎక్కడైనా దింపెయ్యమంటున్నారు మేడమ్. స్పృహలోనే ఉన్నారు, గట్టిగానే అడుగుతున్నారు. నేను కెప్టెన్‌కి చెప్పాల్సి వచ్చింది. పక్కకు తిరిగితే గంటా పది నిమిషాల దూరంలో ఒక ఊరుంది. ఇంకో ఇరవై నిమిషాలు పోతే ఇక అటు తిరగడం కుదరదు. దింపాలా వద్దా మీరు చెప్పండి. ఆయన మాత్రం ఇదే మాట మీద ఉంటే దింపక తప్పదన్నారు కెప్టెన్."

దింపితే ఏమవుతుందో నర్సుకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఒకాయన్ని అలా మధ్యలో దించాల్సి వచ్చింది. ఆ మనిషి భాష తెలియని ఆసుపత్రిలో వరండా పక్కన పదకొండు రోజులు పడుకున్నాడు. ఇంటివాళ్ళకి వీసా దొరకలేదు, రాలేకపోయారు. పన్నెండో రోజున ఆమె ఆయన చెప్పులు పట్టుకుని ఒంటరిగా ఇంటికొచ్చింది. ఈ లిఫ్టు మేస్త్రీకి పదకొండు రోజులు కూడా లేవు.

వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "ఏంటి బాబాయ్ ఇది? పిన్ని దగ్గరికి చేర్చమన్నది మీరేగా?"

"అన్నాను." ఆయన గొంతులో కోపం లేదు, లెక్క ఒప్పజెప్పినట్టుంది. "గ్యాస్ ఆరు గంటలు. దారి ఏడు గంటలు. నేను మెకానిక్కునమ్మా, ఇంత చిన్న కూడిక నాకు రాదా? ఆ చివరి గంట గాలాడక గిలగిల కొట్టుకుంటూ పోవాలి. పోయిన మనిషిని ఆవిడ ముందు దించుతావు. అంతకంటే ఇక్కడే ఎక్కడో దిగుతాను. కనీసం ఫోన్లో గొంతైనా వింటుంది."

ఆయన లెక్క ఎక్కడా తప్పలేదు. తప్పు అంకె ఇచ్చింది తను. ఊరట కోసం కలిపిన రెండు గంటలు తీసుకెళ్ళి ఆయన తన ప్రాణం లెక్కలో వేసుకున్నాడు.

"ఏడు కాదు బాబాయ్," అంది. "ఐదు. ఐదు గంటలు కూడా లేదు. నేనే ఎక్కువ చెప్పాను."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, అదీ ఆమె మీద.

"ఇందాక ఏడు. నేను దిగుతాననగానే ఐదు. మధ్యలో రెండు గంటలు ఎక్కడ దిగిపోయాయమ్మా?"

"నిజం చెబుతున్నాను."

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు లోపల నుంచి తలుపు బాదుతుంటారు," అన్నాడు ఆయన. ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పాడు. "బయట నుంచి మేమేమంటాం? రెండు నిమిషాలు సార్, రెండే నిమిషాలు అంటాం. మోటారు కాలిపోయి మూడు గంటలు పట్టేదైనా రెండు నిమిషాలే. ఇరవై ఆరేళ్ళు ఆ మాట అన్నాను. ఆ గొంతు ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి తెలుసు? ఇప్పుడు నీది అదే గొంతు. నా మంచికే చెబుతున్నావులే. పర్లేదు."

పెద్ద ఎయిర్‌హోస్టెస్ కర్టెన్ దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుంటోంది. పన్నెండు నిమిషాలు మిగిలాయి.

నర్సుకు ఏడుపొచ్చింది, తన మీద తనకే ఒళ్ళు మండింది కూడా. నూటికి నూరు పాళ్ళు నిజం చెబుతుంటే ఆ నిజానికి పూచీ పడేది ఏదీ లేకుండా తనే చేసుకుంది. ముందుకు ఒంగి ఆయన ఎదురుగా ఉన్న తెర బటను నొక్కింది. తెర వెలిగింది. నీలం మీద తెల్ల గీత, గీత మీద చిన్న విమానం.

ఆయన తెరను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. "ఇది పాడైందన్నావు."

"అన్నాను. అదీ అబద్ధమే. పంతొమ్మిదేళ్ళుగా అందరికీ ఇదే చెబుతున్నాను. రెండు గంటలు కలిపి చెప్పి, ఈ తెర ఆర్పేస్తాను. ముందుగా వచ్చేశామని సంతోషపడతారని. మీరు సిలిండర్లతో కలిపి లెక్కేస్తారని నాకు తట్టలేదు బాబాయ్. నా తప్పే. ఆ అంకెలు నేను మార్చలేను, మీరే చూసుకోండి."

ఆయన కళ్ళద్దాలు కావాలన్నాడు. ఆమె తొడిగింది. ఇంకా పోవలసిన దూరం నాలుగు వేల నూట తొంభై కిలోమీటర్లు. వేగం గంటకి ఎనిమిది వందల యాభై. తెర కింద పెద్ద అక్షరాల్లో మిగిలిన సమయం కూడా రాసి ఉంది, కానీ ఆయన దాన్ని నమ్మలేదు. పెదవులు కదిపి సొంతంగా గుణించుకున్నాడు. "ఐదు ఎనిమిది వందల యాభైలు నాలుగు వేల రెండు వందల యాభై. దానికింకా అరవై తక్కువ." మళ్ళీ ఒకసారి గుణించాడు. అప్పుడు కింద రాసింది చూశాడు. నాలుగు గంటల యాభై ఎనిమిది నిమిషాలు.

తెర మీంచి కళ్ళు తిప్పాడు. మాట్లాడేసరికి గొంతు మారింది. ఈసారి నిజంగానే కోపం.

"ఒళ్ళు బాగోలేనివాడి నెత్తిన లేని రెండు గంటలు పెట్టావు. పొద్దుట్నుంచీ మోస్తున్నాను వాటిని. ఎంత బరువో నీకు తెలుసా?"

"తెలియదు," అంది ఆమె. "ఇప్పటిదాకా తెలియదు."

"ఐదు గంటలకి గ్యాస్ సరిపోతుందా?"

"సరిపోతుంది. గంట సేపటిది మిగులుతుంది."

"నా ఊపిరి సరిపోతుందా?"

పంతొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్నకి ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. "అది నాకు తెలియదు బాబాయ్," అంది. "సరిపోవచ్చు. సరిపోకపోవచ్చు. మధ్యలో దిగితే మాత్రం పిన్నిని చూడలేరు. అది నాకు తెలుసు."

ఆయన కర్టెన్ దగ్గర నిలబడ్డ ఎయిర్‌హోస్టెస్‌కి చెయ్యి ఊపాడు. ఆ అమ్మాయి దగ్గరికొచ్చి ఒంగింది. "నేను దిగనమ్మా. ఇందాక లెక్క తప్పింది. మీ డ్రైవరుకి చెప్పు, తిన్నగా పోనిమ్మని," అన్నాడు. కెప్టెన్‌ని డ్రైవరన్నందుకు ఆ అమ్మాయికి నవ్వొచ్చి, నవ్వకుండా తల ఊపి వెళ్ళింది.

ఆ తర్వాతి ఐదు గంటలూ నర్సు జీవితంలో అన్నిటికంటే పొడుగైన గంటలు. తెర వెలుగుతూనే ఉంది. నిమిషం నిమిషం లెక్కగా తగ్గుతోంది, ఒక్కటి కూడా తొందరపడదు. తను మామూలుగా రెండు గంటలు వెనకేసుకుని కూర్చునేది, ఇప్పుడు చేతిలో ఏమీ లేదు. ఆయన అరగంటకోసారి కళ్ళు తెరిచి అంకె చూసి మళ్ళీ మూసుకుంటున్నాడు. ఇంకో రెండుసార్లు దగ్గొచ్చింది. రెండోసారి అంకె డెబ్బై తొమ్మిదికి పడింది, ఆమె ఆయన నెత్తిన చెయ్యి వేసి "పీల్చండి, పీల్చండి" అంటూ తనూ పీల్చింది. నడుము విరిగిపోతోంది. లేచి నిలబడదామంటే ఆయన ఆమె కొంగు పట్టుకుని ఉన్నాడు.

ఊరి మీదికొచ్చాక కెప్టెన్ గొంతు వినిపించింది. కింద రన్‌వే ఖాళీ లేదు, ఇరవై ఐదు నిమిషాలు ఆగాలి. తెర మీద అంకె తగ్గడం మానేసి పెరిగింది. ఆమెకు ఆ బడి గుమాస్తా గోళ్ళు గుర్తొచ్చాయి.

"ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యం బాబాయ్," అంది. ఒక్క నిమిషం కూడా కలపలేదు, తీయలేదు.

"విన్నాను," అన్నాడు ఆయన. "గ్యాస్?"

"అరగంటకి పైనే ఉంది."

"అయితే సరే." అంతే. ఏడవలేదు, గొట్టం పీకలేదు. కిటికీలోంచి ఊరిని చూస్తూ కూర్చున్నాడు. రోడ్లు, కప్పులు, నీళ్ళ ట్యాంకులు చుట్టూ తిరిగి మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఇన్నేళ్ళూ తను మనుషుల్ని చేతగానివాళ్ళ కింద జమకట్టానేమోనని నర్సుకి మొదటిసారి అనిపించింది. అనిపించి సిగ్గేసింది.

ఇక్కడి గడియారంలో సాయంత్రం నాలుగు దాటాక అంబులెన్సు విమానం పక్కకే వచ్చింది. ఆయన్ని అందులోకి మార్చి గేటు బయటికి తెచ్చేసరికి అక్కడ ఆయన భార్య నిలబడి ఉంది. పొట్టి మనిషి. కుట్టు మిషను ముందు నుంచి నేరుగా లేచి వచ్చినట్టుంది, భుజం మీద బట్టకి దారం ఎక్కించిన సూది గుచ్చి అలాగే ఉంది. అంబులెన్సు ఎక్కి భర్త పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది. ఆయన ఏదో చెప్పబోతే, "ముందు గాలి పీల్చండి. మాటలు తర్వాత," అంది. ఆయన నవ్వాడు. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు.

ఆసుపత్రిలో మంచం ముందే మాట్లాడి ఉంచింది ఏజెన్సీ. డ్రైవరు బండి స్టార్టు చేయబోతుంటే ఆవిడ కిందికి దిగి, నర్సును రెండడుగులు పక్కకి తీసుకెళ్ళింది.

"ఎన్నాళ్ళమ్మా?" అంది.

నర్సు నోట్లో జవాబు తయారుగానే ఉంది. నెల, నెలన్నర, చెప్పలేం పిన్నీ, అంతా బాగానే ఉంటుంది. ఇలాంటి గేట్ల దగ్గర ఎందరికో చెప్పిన మాటలు. ఎదురుగా ఉన్న మనిషి కళ్ళలోకి చూసింది. చాలా అలసటగా ఉంది, ఇక ఒక్క అంకె కూడా కలిపే ఓపిక లేదు.

"రెండు రోజులు పిన్నీ," అంది. "మూడో రోజు అనుమానమే."

ఆవిడ ఏడవలేదు. "ఆసుపత్రిలో నన్ను ఆయన పక్కన ఎంతసేపు ఉండనిస్తారు?" అని అడిగింది.

"ఆ వార్డులో అయితే పొద్దున గంట, సాయంత్రం గంట."

"అంటే రెండు రోజులకి నాలుగు గంటలు," అంది ఆవిడ. ఆ లెక్క వెయ్యడానికి ఆవిడకి తడుముకోనక్కర్లేకపోయింది. "నాలుగు గంటల కోసమా ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాను?"

ఆవిడ వెళ్ళి డ్రైవరు అద్దం మీద వేళ్ళతో కొట్టి, ఆసుపత్రి వద్దు బాబూ అని, ఇంటికి దారి చెప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు నర్సు వైపు చూశాడు. నర్సు ఎక్కి, తలుపు లోపలి నుంచి వేసింది.